ఊ కొట్టేదాకా ఆగండి: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాట, ఆలోచన వికసించేలా చూడటం ఎలా

బిడ్డకు ఆరు నెలలు నిండాయి, ఇంకా బోర్లా పడటం లేదు, బొమ్మ చూపిస్తే చేయి చాచడం లేదు అని ఒక తల్లి బెంగపడుతూ ఉంటుంది. ఆ బిడ్డ పుట్టింది 28 వారాలకు. 40 వారాలు కడుపులో ఉండవలసిన బిడ్డ 12 వారాల ముందే బయటికి వచ్చేసింది. ఎదుగుదల లెక్కలో ఆ బిడ్డకు ఇప్పుడు మూడు నెలలు దాటి కొద్ది రోజులు, అంతే. మూడు నెలల బిడ్డ బోర్లా పడకపోతే ఎవరూ కంగారుపడరు.

37 వారాలు నిండకముందు పుట్టిన వారందరినీ వైద్యులు నెలలు నిండని బిడ్డలుగానే లెక్కిస్తారు. ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమందిలో సుమారు ఒకరు ఇలా పుట్టినవారే. వారిలో ఎక్కువమంది 32 వారాలు దాటాక పుడతారు. అంతకన్నా ముందు, అందులోనూ 28 వారాల లోపు పుట్టినవారికి మాట, ధ్యాస, జ్ఞాపకశక్తి విషయంలో వెనకబడే అవకాశం ఎక్కువ. ఆ అవకాశాన్ని తగ్గించేందుకు ఇంట్లోవారు చేయగలిగింది చాలానే ఉంది. దానికి ఖరీదైన ఆటవస్తువులు అక్కర్లేదు. బిడ్డతో ఒక మాట అని, జవాబు వచ్చేదాకా ఆగడం అలవాటు చేసుకోవాలి. చెప్పినంత తేలిక కాదిది. పెద్దలకు మౌనం భరించడం కష్టం.

1. రెండు వయసులూ రాసి పెట్టుకోండి

మొదటిది పుట్టినరోజు నుంచి లెక్కించే వయసు. రెండోది సవరించిన వయసు. దీన్ని కట్టడం సులువు: 40లోంచి బిడ్డ పుట్టిన వారాన్ని తీసేయండి. వచ్చిన వారాలను పుట్టినరోజు వయసులోంచి తీసేయండి. బిడ్డ 29 వారాలకు పుడితే 11 వారాలు ముందు వచ్చినట్టు. ఆ బిడ్డకు ఎనిమిది నెలలు నిండిన రోజున, అంటే సుమారు 35 వారాలకు, సవరించిన వయసు 24 వారాలు. ఐదున్నర నెలలన్నమాట.

టీకాలు పుట్టినరోజు వయసు ప్రకారమే వేయించాలి. నెలలు నిండలేదు కదా, కాస్త ఆగి వేయిద్దాం అనుకోవడం పొరపాటు. నవ్వు, చూపు, పాకడం, మాట వంటి ఎదుగుదలనంతా సవరించిన వయసుతోనే పోల్చాలి. సాధారణంగా రెండేళ్ల దాకా ఈ సవరణ పాటిస్తారు. రెండు వయసులూ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. చూడటానికి వచ్చినవాళ్లు "మా వాడు ఈ పాటికి కూర్చునేవాడు" అన్నప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ లెక్క ఊరటనిస్తుంది. ఆ ఊరటే ఒక్కోసారి చెరుపు చేస్తుంది. సవరించిన వయసుతో చూసినా బిడ్డ వెనకబడే ఉంటే, "నెలలు తక్కువ బిడ్డ కదా, అదే సర్దుకుంటుంది" అనే మాట ఇక పనికిరాదు. ఆ సవరణ ముందే చేసేశారు. రెండోసారి చేయకండి.

2. ఆసుపత్రిలో ఉండగానే మాట మొదలుపెట్టండి

గర్భంలో శిశువు 25 నుంచి 28 వారాల మధ్య శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. అక్కడికి చేరే శబ్దాలు మెత్తగా ఉంటాయి. పైస్థాయి కీచు ధ్వనులు చాలావరకు వడగట్టుకుపోయి, తల్లి గొంతులోని ఎత్తుపల్లాలు, మాటల లయ మాత్రం లోపలికి వెళతాయి. నెలలు నిండి పుట్టిన పసికందులు పరాయి గొంతుకన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం తేల్చింది. చివరి మూడు నెలల వినికిడే ఆ పరిచయానికి పునాది.

ముందే పుట్టిన బిడ్డకు ఆ చివరి మూడు నెలలూ ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ప్రత్యేక చికిత్స విభాగంలో గడుస్తాయి. యంత్రాల బీప్‌లు, మూసే తలుపుల చప్పుడు, మధ్యలో ఇంక్యుబేటర్ లోపలి నిశ్శబ్దం. మెదడు మాత్రం తన పని ఆపదు. 34 వారాల నాటికి మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో సుమారు మూడింట రెండు వంతులే. మిగిలిన వంతు పెరగవలసింది ఆ చివరి ఆరు వారాల్లోనే. ఆ గదుల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1997లోనే సూచించింది. అయినా చాలాచోట్ల దాటుతూనే ఉంటుంది. గది మొత్తాన్ని మార్చడం మీ చేతిలో లేదు. ఇంక్యుబేటర్ మీద వస్తువులు పెట్టకపోవడం, దాని కిటికీ తలుపును మెల్లగా వేయడం, ఫోను మోగకుండా చూసుకోవడం మీ చేతిలోనివే.

నర్సు అనుమతించగానే కంగారూ మదర్ కేర్ మొదలుపెట్టండి. డైపరు, టోపీ మాత్రమే ఉన్న బిడ్డను మీ ఛాతీ మీద, చర్మానికి చర్మం తగిలేలా, నిలువుగా ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోవడమే ఇది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే వైద్యుడు ఈ పద్ధతి మొదలుపెట్టారు. లేమిలోంచి పుట్టిన ఉపాయం ఇప్పుడు అన్నీ ఉన్న ఆసుపత్రులకూ పాఠమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం రోజుకు 8 నుంచి 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువసేపు ఇలా ఉంచుకోవాలి. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది. అక్కడ బిడ్డ చెవి మీ గుండెకు, గొంతుకు దగ్గరగా ఉంటుంది. గుసగుసలాడకండి. గుసగుసలో గొంతులోని ఎత్తుపల్లాలు పోతాయి. పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించేంత తగ్గు స్వరంలో, మామూలుగా మాట్లాడండి.

ఏం మాట్లాడాలో తోచకపోవడం సహజం. అన్ని గొట్టాల మధ్య, కళ్లు కూడా తెరవని బిడ్డతో మాట్లాడుతుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అనిపిస్తుంది. ఏమీ అనుకోరు. పొద్దున్నించీ మీరు చేసిన పనులు చెప్పండి, ఇంట్లో తన కోసం ఎదురుచూస్తున్నవారి పేర్లు చెప్పండి, జోలపాట హమ్ చేయండి. రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత ఆగి, బిడ్డను చూడండి. అమెరికాలో 36 మంది నెలలు నిండని శిశువుల చుట్టూ వినిపించే మాటలను గర్భం నుంచి లెక్కించిన 32, 36 వారాల వయసుల్లో 16 గంటల చొప్పున రికార్డు చేశారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనంలో, 32 వారాలకే ఈ పసికందులు చిన్నచిన్న ధ్వనులు చేస్తున్నారని, తల్లిదండ్రులు దగ్గరుంటే అవి ఎక్కువవుతున్నాయని తేలింది. ఆ బృందమే 2014లో మరో సంగతి చెప్పింది: ఎన్‌ఐసీయూలో పెద్దల మాటలు ఎక్కువగా విన్న పిల్లలకు 7, 18 నెలల సవరించిన వయసులో పరీక్షల మార్కులు మెరుగ్గా ఉన్నాయి. కారణం మాటలేనని ఇంత చిన్న అధ్యయనంతో రుజువు కాదు. అయినా మీ గొంతుకు ఖర్చు లేదు, తగ్గు స్వరంలో కొద్దిసేపు వాడితే హానీ లేదు.

3. బిడ్డ "చాలు" అంటే గుర్తుపట్టడం నేర్చుకోండి

ఈ మెట్టు మీద మిగతా వాటికన్నా ఎక్కువ కాలం నిలబడండి. నెలలు నిండని బిడ్డ నాడీవ్యవస్థ ఒకేసారి ఎక్కువ భరించలేదు. మీ ముఖం, మీ గొంతు, మీ చేతి నిమురుడు, పైన దీపం అన్నీ కలిసి మీద పడితే తట్టుకోలేక మూసుకుపోతుంది. పెద్దలు దాన్ని నిద్ర అనుకుంటారు, లేదా బిడ్డకు తామంటే ఆసక్తి లేదనుకుని చిన్నబుచ్చుకుంటారు.

సిద్ధంగా ఉన్న బిడ్డ ఎలా ఉంటుందంటే: కళ్లు తెరుచుకుని, మెరుస్తూ, ఒకచోట నిలుస్తాయి. ఒళ్లు వదులుగా ఉంటుంది. చేతులు నోటి దగ్గరికో, ఛాతీ మధ్యకో వస్తాయి. ఊపిరి నిలకడగా సాగుతుంది. మొదట్లో ఇది అర నిమిషం కన్నా ఉండకపోవచ్చు. ఆ అర నిమిషమే మీ సమయం.

అలసిన బిడ్డ చూపు పక్కకు తిప్పుకుంటుంది. ఇదే మొట్టమొదటి సంకేతం, చాలామంది గమనించనిదీ ఇదే. అప్పటికీ ఆపకపోతే వేళ్లు విప్పారి చాపుకుంటాయి, వీపు విల్లులా వంగుతుంది, ఆవలింత, తుమ్ము, వెక్కిళ్లు వస్తాయి. ఆ పైన ఒంటి రంగు మారుతుంది, ఊపిరి తడబడుతుంది. రంగు, ఊపిరి దాకా రానివ్వకండి. వస్తే వెంటనే నర్సును పిలవండి. ఇంట్లో ఉన్నప్పుడు వస్తే ఆలస్యం చేయకుండా వైద్య సహాయం తీసుకోండి.

చూపు తిప్పుకోగానే మాట ఆపండి. ముఖం ఎదురుగా పెట్టి మళ్లీ తన చూపు లాగే ప్రయత్నం చేయకండి. ఒక అరచేయి తలకు, మరో అరచేయి ముడిచిన పాదాలకు ఆనించి, నిమరకుండా, కదపకుండా ఊరికే ఉంచండి. గర్భంలో నలువైపులా ఉండే గోడ లాంటి ఆసరా అది. నిమురుడు చిన్న నాడులను చికాకుపెడుతుంది, నిలకడైన స్పర్శ శాంతపరుస్తుంది. బిడ్డ మళ్లీ మీవైపు చూస్తే అప్పుడు ఒకే ఒక్కటి ఇవ్వండి. గొంతు వినిపిస్తే ముఖం దూరంగా ఉంచండి, ముఖం చూపిస్తే మాట ఆపండి. అది భరించగలిగితే రెండూ కలపండి. స్పర్శ ఆ తర్వాత.

చూపు తిప్పుకోవడం కూడా సంభాషణలో ఒక మాటేనని అర్థమైతే సగం పని అయినట్టే. "ఇక చాలు" అని బిడ్డ అంది, మీరు విన్నారు. తను చెప్పినదానికి లోకం స్పందిస్తుందన్న ఎరుక అక్కడే మొదలవుతుంది.

4. ఇంటికి రాకముందే చెవి, కన్ను చూపించండి

చెవి పరీక్షల్లో రెండు రకాలున్నాయి. ఒకటి చెవి లోపలి కాక్లియా ఇచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. రెండోది, ఏబీఆర్ అనేది, శబ్దం నాడి గుండా మెదడు కాండం దాకా చేరుతోందా అని చూస్తుంది. అయిదు రోజులకు మించి ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు ఏబీఆర్ చేయాలి. ఈ పిల్లల్లో చెవి బాగానే ఉండి, నాడి దగ్గర తేడా ఉండే అవకాశం ఉంది. మొదటి పరీక్ష దాన్ని పట్టుకోలేదు. కాబట్టి "వినికిడి పరీక్ష అయిపోయింది" అంటే సరిపెట్టుకోకుండా ఏ పరీక్ష చేశారో అడిగి రాయించుకోండి. మొదటి వడపోత నెలలోపు, తేడా ఉంటే నిర్ధారణ మూడు నెలలలోపు, చికిత్స ఆరు నెలలలోపు మొదలవ్వాలన్నది లక్ష్యం. ఆసుపత్రిలోనే నెలలు గడిచిన బిడ్డకు ఇంటికి పంపేముందైనా చేయించండి. చప్పట్లు కొడితే ఉలిక్కిపడుతోంది కదా అన్నది పరీక్ష కాదు. పెద్ద చప్పుడు వినిపించి మాటలు వినిపించని చెవులుంటాయి.

కంటి రెటీనా పరీక్ష సాధారణంగా పుట్టిన నాలుగు వారాల ప్రాంతంలో మొదలై, రక్తనాళాలు పూర్తిగా ఎదిగేదాకా పదేపదే జరుగుతుంది. ఇచ్చిన తేదీ ఒక్కటీ తప్పకండి. దీంట్లో ఒక్క వారం ఆలస్యానికి చూపే మూల్యం కావచ్చు.

5. ఇంట్లో: మాట అనండి, ఆగండి, అందుకోండి

కథ చెప్పేవారికి ఎదుటివారు ఊ కొట్టాలి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ సాగదు. పసిబిడ్డతో మాట కూడా అంతే. కాకపోతే ఇక్కడ ఊ రావడానికి ఎక్కువసేపు పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన చాలామంది పిల్లల్లో, విన్నదాన్ని అందుకుని స్పందించే వేగం కాస్త తక్కువ. మీరు రెండు సెకన్లు ఆగి మళ్లీ మాట్లాడితే బిడ్డ వంతు మీరే లాగేసుకున్నట్టు. మనసులో మెల్లగా పది లెక్కపెట్టండి. మొదటి రోజు పది చాలా పెద్ద అంకెగా అనిపిస్తుంది.

సవరించిన వయసు మూడు నెలల లోపు: బిడ్డ ముఖానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో మీ ముఖం ఉంచండి. గొంతు కాస్త సాగదీసి, పైకీ కిందికీ నడిపిస్తూ ఒక్క మాట అనండి. "ఏమిటమ్మా? ఆకలా?" పది లెక్క. నోరు కదిలినా, కాలు ఆడినా, చిన్న ఉంగా వచ్చినా అదే జవాబు. దాన్ని అలాగే తిరిగి అనండి. బిడ్డ "ఉంగా" అంటే మీరూ "ఉంగా" అనండి. మళ్లీ ఆగండి. ఆరు నుంచి ఎనిమిది వారాల సవరించిన వయసులో నవ్వు జవాబుగా వస్తుంది. అంతదాకా మీరు చేసినదంతా గోడతో మాట్లాడినట్టు అనిపించినా గోడ వింటూనే ఉంది.

నాలుగు నుంచి ఎనిమిది నెలలు: ఇప్పుడు బిడ్డ చూపు వెంట మీ మాట వెళ్లాలి. మీరు చూపించాలనుకున్న వస్తువును పక్కన పెట్టి, తను దేన్ని చూస్తోందో దాని పేరు చెప్పండి. చూపు ఫ్యాను మీద ఉంటే "ఫ్యాను. తిరుగుతోంది. ఫ్యాను." తెలుగులో నామవాచకం వాక్యంలోకి రాగానే రూపం మార్చుకుంటుంది: బంతి, బంతిని, బంతితో. పెద్దలకు అది ఒకే పదం, బిడ్డకు అప్పటికి మూడు వేర్వేరు ధ్వనులు. అందుకే పేరును విడిగా ఒకసారి, వాక్యంలో ఒకసారి, చివర మళ్లీ విడిగా ఒకసారి అనండి. "బంతి. బంతిని తోశావు! బంతి." ఈ వయసు చివరికొచ్చేసరికి "బాబాబా", "దాదాదా" మొదలవుతాయి. వాటికి అర్థం లేదని వదిలేయకండి. ఎదురుగా కూర్చుని మీరూ "బాబాబా" అనండి, తర్వాత ఒక అక్షరం మార్చి "మామామా" అని చూడండి. ఇందులో మీరు ఎంత సిగ్గు వదిలేస్తే అంత మంచిది.

తొమ్మిది నుంచి పద్నాలుగు నెలలు: ముందు మాట్లాడేది చేయి. చేతులు చాచి ఎత్తుకోమనడం, టాటా చెప్పడం, తల అడ్డంగా ఊపడం, వేలు పెట్టి చూపించడం. వీటిలో వేలు చూపడమే అన్నిటికన్నా విలువైనది. "నేను చూస్తున్నది నువ్వూ చూడు" అని దానర్థం. వేలు చూపగానే మీరు చేస్తున్న పని ఆపి అటు చూడండి, పేరు చెప్పండి. మీరు కూడా వేలు చూపుతూ మాట్లాడండి.

పద్నాలుగు నెలల తర్వాత: బిడ్డ అన్న ఒక్క మాటకు మరొకటి చేర్చి తిరిగి ఇవ్వండి. "కాకి" అంటే "కాకి ఎగిరింది". "పాలు" అంటే "పాలు కావాలా? ఇంకా పాలు". తప్పుగా పలికితే సరిదిద్దకండి. సరైన ఉచ్చారణతో మీరు మళ్లీ అంటే చాలు. ఒక్క అలవాటు మాత్రం మానుకోండి: "ఇది ఏమిటి? చెప్పు. అత్త అను. అను, అను." నలుగురి ముందూ బిడ్డను పరీక్షకు నిలబెట్టడం. ప్రశ్నల వాన కురిసే ఇంట్లో పిల్లలు నోరు మూసుకుంటారు.

ఇదంతా పనుల మధ్యే జరిగిపోవాలి. డైపరు మార్చడం, స్నానం, పాలు పట్టడం రోజూ ఒకే వరసలో జరుగుతాయి కాబట్టి తర్వాత ఏం జరగబోతోందో బిడ్డ ఊహించగలదు. ఊహించగలిగిన చోటే మాట త్వరగా అంటుకుంటుంది. చొక్కా తొడిగే ముందు రోజూ "చేయి ఇవ్వు" అనే మాట అని ఆగండి. ఒక రోజు చేయి దానంతట అదే పైకి లేస్తుంది.

6. ఆలోచనకు ముందు ఒంటికి ఆసరా ఇవ్వండి

ఈ సంగతి చాలా సలహాల జాబితాల్లో కనిపించదు. నెలలు నిండని బిడ్డల కండరాల బిగువు తరచూ అసమంగా ఉంటుంది: నడుము మెత్తగా, భుజాలు వెనక్కి లాగినట్టుగా, కాళ్లు బిగుసుకుని. పడిపోకుండా కూర్చోవడానికే ధ్యాసంతా ఖర్చుపెడుతున్న బిడ్డకు మీ మాట వినడానికి ఏం మిగులుతుంది? కాబట్టి మాటల ఆటకు ముందు ఒళ్లు కుదుర్చండి. వెల్లకిలా పడుకున్నప్పుడు మీరు పక్కనే ఉండి, చుట్టిన తువ్వాలును భుజాల వెనక పెడితే చేతులు ముందుకు వస్తాయి, తన చేతులు తనే చూసుకుంటుంది. కూర్చునే వయసులో మీ ఒడిలో, వీపు మీ పొట్టకు ఆనించి కూర్చోబెట్టుకోండి. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టండి, మొదట్లో మీ ఛాతీ మీదే. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలా, పక్కన తువ్వాళ్లు, దిండ్లు లేకుండా.

ఆటకు ఒక్క వస్తువు చాలు. ముందే పుట్టిన పిల్లల్లో తరచూ కనిపించే బలహీనతలు ధ్యాస నిలపడం, ఇప్పుడే చూసినదాన్ని కాసేపు మనసులో పెట్టుకోవడం. పది బొమ్మలు చుట్టూ పరిస్తే ఆ రెండిటికీ అవకాశమే ఉండదు. గిన్నె, చెంచా ఇవ్వండి. మోగించనివ్వండి. మోగించి ఆపిన తర్వాత మీరు ఒకసారి మోగించి చెంచా కింద పెట్టి ఆగండి. బిడ్డ అందుకుంటే అది వంతులాట.

దోబూచులాట చూడటానికి ఉత్త ఆటే కానీ, ముఖం కనబడకపోయినా మనిషి ఉన్నారన్న జ్ఞానానికి అదే మొదటి బడి. ముందు మీ ముఖాన్ని చేతులతో సగమే దాచండి, తర్వాత పూర్తిగా. ఎనిమిది తొమ్మిది నెలల సవరించిన వయసులో, బిడ్డ చూస్తుండగా బంతి మీద గుడ్డ కప్పండి. గుడ్డ లాగేదాకా సాయం చేయకండి. అందక విసుక్కుంటే గుడ్డను కొంచెం జరిపి బంతి అంచు కనిపించేలా చేయండి, తీసి చేతికి ఇచ్చేయకండి. అన్ని రోజులు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కాపాడుకున్న బిడ్డ కాస్త కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోవడం కన్నవారికి ఎంత కష్టమో ఊహించగలను. ఆ కొద్ది కష్టమే బిడ్డకు కావలసిన పని.

7. పుస్తకం, ఫోను, రెండు భాషలు

పుస్తకం ఏ వయసులోనైనా మొదలుపెట్టవచ్చు. మొదట్లో చదివేది మీ గొంతు వినిపించడానికే. తర్వాత పేజీకి ఒక బొమ్మ, ఒక మాట. ఫోను, టీవీ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగానే చెప్పింది: రెండేళ్లు నిండేదాకా వద్దు, రెండేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. తెర మాట్లాడుతుంది గానీ బిడ్డ ఊ కొడితే ఆగదు. దూరంగా ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ వేరు. అవతల వినేవారు ఉన్నారు.

ఇంట్లో రెండు భాషలుంటే రెండూ మాట్లాడండి. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు రెండు భాషలు భారమని ఒకటి మానేయమని చెప్పేవారుంటారు. దానికి ఆధారం లేదు. మీకు నోరారా వచ్చిన భాషలో మాట్లాడితేనే పాట, మురిపెం, మందలింపు అన్నీ కలిసి వస్తాయి.

8. ఎప్పుడు ఆగకూడదో తెలుసుకోండి

ఆగమని ఇంతసేపు చెప్పాక, ఆగకూడని చోట్లు. అన్నీ సవరించిన వయసులోనే: మూడు నెలలకూ నవ్వకపోయినా, కళ్లతో వెంబడించకపోయినా, ఆరు నెలలకు గొంతు వచ్చిన వైపు తిరగకపోయినా, ఏడాదికి "బాబాబా" లాంటి ధ్వనులు గానీ, చేతి సైగలు గానీ లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మ రా" లాంటి రెండు మాటల జోడు సొంతంగా కట్టకపోయినా పిల్లల వైద్యుణ్ని కలవండి. మళ్లీ వినికిడి పరీక్ష, ఎదుగుదల పరీక్ష, అవసరమైతే స్పీచ్ థెరపీ అడగండి. ఒకసారి వచ్చిన మాటగానీ సైగగానీ పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్లండి.

రెండేళ్ల పరీక్ష బాగా వచ్చిందని ఫైలు అటక మీద పెట్టేయకండి. అనేక అధ్యయనాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో ఒక సంగతి బయటపడింది: నెలలు తక్కువగా పుట్టిన పిల్లలకూ, నిండి పుట్టిన పిల్లలకూ పదసంపద వంటి సరళమైన నైపుణ్యాల్లో ఉన్న తేడా పెద్దగా మారదు గానీ, వాక్యాలను అల్లి, అర్థం చేసుకునే క్లిష్టమైన భాషలో తేడా 3 నుంచి 12 ఏళ్ల మధ్య పెరుగుతూ పోతుంది. చిన్నప్పుడు గలగలా మాట్లాడిన పిల్లవాడు బడిలో కథ వరసగా చెప్పలేక తడబడవచ్చు. అందుకే నాలుగైదేళ్లప్పుడు, బడికి ముందు, మరోసారి పరీక్ష చేయించండి. పుట్టాక తొందరగా మొదలుపెట్టే శిక్షణ కార్యక్రమాల వల్ల బడి ముందు వయసు దాకా తెలివితేటల్లో మేలు కనిపిస్తోంది. బడి వయసుకు ఆ మేలు చాలావరకు పలచబడుతోంది. ఈ నిజం దాచడం నాకిష్టం లేదు. రెండేళ్లకు ఆపేయకుండా పని కొనసాగించాలని నేను దాన్నుంచి తీసుకున్న పాఠం.

మరొక్క మాట, తల్లికీ తండ్రికీ. ఎన్‌ఐసీయూ నుంచి బయటపడ్డ నెలల తర్వాత కూడా నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, బిడ్డను చూస్తే ఏ భావమూ కలగకపోవడం ఉంటే, అది మీ గుణం కాదు. చికిత్స ఉన్న స్థితి. కుంగిన మనసుతో ఉన్నవారు తెలియకుండానే బిడ్డతో తక్కువ మాట్లాడతారు. అందుకని బిడ్డ కోసమైనా డాక్టరుకు చెప్పండి. ఆ కొద్ది వారాలు మాటలాడే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవచ్చు.

పరీక్షకు వెళ్లే రోజున ఫోనులో ఒక చిన్న వీడియో తీసుకువెళ్లండి. పిల్లలు సరిగ్గా డాక్టరు గదిలోనే నిద్రపోతారు, లేకపోతే గుక్కపెట్టి ఏడుస్తారు. ఇంట్లో, బిడ్డ కళ్లు మెరుస్తూ ఒళ్లు వదులుగా ఉన్న వేళ చూసి, రెండు నిమిషాలు చాలు: మీరు ఒక మాట అనడం, ఆగడం, బిడ్డ ఏం చేసిందో కనబడేలా. వీడియో పేరుగా ఆ రోజు తేదీ, పక్కన సవరించిన వయసు రాయండి.